ధ్రువయాత్రకు బయలుదేరుతున్న ఓడ పాత ఛాయాచిత్రం: గుర్తించే, పటం కట్టించే, కాపాడే పద్ధతి

ధ్రువ ప్రాంతాలకు బయలుదేరుతున్న ఓడను చూపే పాత ఛాయాచిత్రం చేతికి వచ్చినప్పుడు చాలామంది మొదట చేసే పని దానికి కొత్త పటం కట్టించి గోడకు తగిలించడం. నిజానికి అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని. ముందుగా ఆ చిత్రం ఏ ఓడది, ఏ రేవులో, ఏ రోజున తీసినది అన్న సంగతి తేల్చుకోవాలి. తరవాత, చేతిలో ఉన్న ప్రతి (ప్రింటు) ఆ కాలంలోనే అచ్చయినదా, ఎన్నో ఏళ్ళ తరవాత తీసిన నకలా అని పరిశీలించాలి. ఈ వరస పాటించమనడానికి కారణం ఉంది. చిత్రాన్ని గుర్తించడానికి పనికొచ్చే ఆధారాలు చాలావరకు దాని వెనక అట్ట మీద, అంచుల దగ్గర, పాత చట్రానికి అంటించిన చీటీల మీద ఉంటాయి. పటాలు కట్టే దుకాణంలో ఆ పాత అట్టను తీసి పారేస్తే ఆ ఆధారాలు మళ్ళీ దొరకవు.

గుర్తించడంలో ఎదురయ్యే అసలు చిక్కు ఏమిటంటే, ధ్రువయాత్రలు చాలావరకు ఒక్క రేవు నుంచి ఒక్కసారే బయలుదేరలేదు. బ్రిటిష్ నౌకాదళ అధికారి కెప్టెన్ స్కాట్ రెండో అంటార్కిటికా యాత్రనే తీసుకుందాం. ఆయన ఓడ టెర్రా నోవా 1910 జూన్ 1న లండన్‌ను, జూన్ 15న వేల్స్‌లోని కార్డిఫ్‌ను, నవంబరు 26న న్యూజిలాండ్‌లోని లిటిల్టన్‌ను, నవంబరు 29న అదే దేశంలోని పోర్ట్ చామర్స్‌ను విడిచింది. మరో బ్రిటిష్ అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ 1914 ఆగస్టు 8న ప్లిమత్ నుంచి, అక్టోబరు 26న బ్యూనస్ ఐరిస్ నుంచి, డిసెంబరు 5న దక్షిణ జార్జియా దీవిలోని గ్రిట్వికెన్ నుంచి కదిలింది. వీటిలో ఏ రోజు తీసిన చిత్రం కిందనైనా యాత్ర బయలుదేరిన దృశ్యం అని రాయవచ్చు, రాసినది అబద్ధమూ కాదు. కానీ జూన్‌లో కార్డిఫ్‌లో ఉన్న ఓడకూ, నవంబరులో గుర్రాలతో, కుక్కలతో, బొగ్గు బస్తాలతో నీటిలోకి కుంగిపోయి ఉన్న ఓడకూ ఎంతో తేడా ఉంది. ఆ తేడాను పట్టుకోవడమే ఈ చిత్రాలను చదవడంలో ముఖ్యమైన విద్య అని నా నమ్మకం.

దీనికి తోడు ఒకే ఓడ వేరువేరు యాత్రలకు వెళ్ళింది. 1884లో స్కాట్లండ్‌లోని డండీలో కట్టిన టెర్రా నోవా, మంచులో చిక్కుకున్న డిస్కవరీ ఓడకు సాయంగా 1903లోనే ఆస్ట్రేలియాలోని హోబార్ట్ నుంచి ఒకసారి దక్షిణానికి వెళ్ళింది. నార్వే ధ్రువయాత్రికులు వాడిన ఓడ ఫ్రామ్ 1893 జూన్ 24న నాన్సెన్‌తో, 1898లో సరిగ్గా అదే తేదీన స్వెర్‌డ్రుప్‌తో, మళ్ళీ 1910లో అముండ్సెన్‌తో బయలుదేరింది. పేర్లు కలిసే ఓడలూ ఉన్నాయి. 1875 మే 29న పోర్ట్స్‌మత్ నుంచి ఉత్తర ధ్రువం వైపు సాగిన డిస్కవరీ వేరు, 1901లో స్కాట్ మొదటి యాత్రకని డండీలో కట్టిన డిస్కవరీ వేరు. కాబట్టి చిత్రం కింద రాసిన పేరుతోనే తృప్తి పడకుండా, అందులో కనిపిస్తున్న ఓడ ఆ పేరుకు, ఆ తేదీకి సరిపోతున్నదో లేదో చూడాలి.

మొదటి మెట్టు: ఉన్నది ఉన్నట్టుగా నమోదు చేయడం

చట్రం విప్పకముందే పటాన్ని ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలల దగ్గర ఫోటోలు తీసి ఉంచుకోవాలి. వెనక కాగితం చిరిగి ఉంటే ఆ చిరుగుతో సహా తీయాలి. పాత పటాల వెనక, కట్టిన దుకాణం వారి పేరు, వీధి ఉన్న చీటీ తరచుగా కనిపిస్తుంది. ఆ దుకాణం ఏ ఏళ్ళలో ఆ వీధిలో ఉండేదో ఆ ఊరి పాత డైరెక్టరీల్లో వెతికితే పటం కట్టిన కాలం సుమారుగా తెలుస్తుంది. పటం కట్టిన కాలం చిత్రం తీసిన కాలం కానక్కరలేదన్న విషయం మాత్రం మరవకూడదు.

రెండో మెట్టు: చిత్రాన్ని చదవడం

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి దగ్గర పెట్టుకుని, ఓడను ముక్కు నుంచి తోక దాకా నెమ్మదిగా చూడాలి. మొదట తెరచాపలు చూడండి. ఆ కాలపు ధ్రువయాత్ర ఓడలకు తెరచాపలతో పాటు ఆవిరి యంత్రమూ ఉండేది. రేవు విడిచేటప్పుడు చాపలు చుట్టి పెట్టి, యంత్రం మీదనో, టగ్గు పడవ లాగుతుండగానో కదిలేవి. అందువల్ల చాపలన్నీ విప్పుకుని నిండుగా సాగుతున్న ఓడ చిత్రం ఎంత అందంగా ఉన్నా, అది గట్టు విడిచిన ఘడియలో తీసినది కాకుండా తరవాత నడి సముద్రంలోనో, మంచు పలకల అంచునో తీసినదై ఉండే అవకాశం ఎక్కువ.

తరవాత డెక్కు మీద ఉన్న సరుకు చూడాలి. టెర్రా నోవా విషయంలో ఇదే నిర్ణాయకమైన ఆధారం. 19 గుర్రాలు, 33 కుక్కలు, మూడు మోటారు స్లెడ్జీలున్న భారీ కొయ్య పెట్టెలు న్యూజిలాండ్ నుంచి ఆ ఓడ మీద దక్షిణానికి వెళ్ళాయి. డెక్కు మీద గొలుసులతో కట్టిన కుక్కలు బారులుగా కనిపిస్తే ఆ చిత్రం కార్డిఫ్‌ది కాదు. గుర్రాలు కనిపించలేదని మాత్రం న్యూజిలాండ్ కాదని తేల్చివేయకూడదు. వాటిలో పదిహేనింటిని ఓడ ముందుభాగంలో కప్పు కింద పక్కపక్కన నిలబెట్టారు, బయట ఉన్నవి నాలుగే. డెక్కు మీద కంచరగాడిదలు కనిపిస్తే కథ మరో ఏడాదికి మారుతుంది. భారత ప్రభుత్వం ఇచ్చిన ఏడు కంచరగాడిదలను ఈ ఓడ 1911 డిసెంబరులో రెండోసారి దక్షిణానికి వెళ్ళినప్పుడు తీసుకువెళ్ళింది. మన దేశానికి ఆ యాత్రతో ఉన్న సంబంధాల్లో ఇది ఒకటి. అలాగే, స్కాట్ దక్షిణ ధ్రువానికి తీసుకువెళ్ళిన బౌయర్స్ అంతకు ముందు బ్రిటిష్ ఇండియా నౌకాసేవ అయిన రాయల్ ఇండియన్ మెరైన్‌లో పనిచేసిన అధికారి. ఓడ నీటిలో ఎంత లోతుకు దిగి ఉందన్నది కూడా గమనించదగినది. న్యూజిలాండ్ విడిచేటప్పటికి టెర్రా నోవా మీద బరువు ప్రమాదకరమైన స్థాయికి చేరింది. కొద్ది రోజులకే వచ్చిన తుపానులో రెండు గుర్రాలు, ఒక కుక్క చనిపోయాయి, కొంత బొగ్గు సముద్రం పాలయింది.

జెండాలను వదలకూడదు. స్కాట్‌కు రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే నౌకావిహార క్లబ్బులో సభ్యత్వం ఉన్నందువల్ల టెర్రా నోవా బ్రిటిష్ నౌకాదళ జెండా ఎగరవేసేది. తెల్లని గుడ్డ మీద పెద్ద శిలువ, పై మూలలో బ్రిటిష్ జెండా ఉంటే అదేనని గుర్తుపట్టవచ్చు. 1903లో అదే ఓడ హోబార్ట్ విడిచినప్పటి చిత్రాన్ని దీని నుంచి వేరు చేయడానికి జెండా పనికొస్తుంది. ముందు వేరే ఓడ ఉండి, దాని నుంచి తాడో, ఇనుప తీగో వెనక చిన్న ఓడ దాకా సాగి ఉంటే షాకిల్టన్ మరో ఓడ నిమ్రాడ్ గుర్తుకు రావాలి. 1908 జనవరి 1న లిటిల్టన్ నుంచి బయలుదేరిన ఆ ఓడను, బొగ్గు ఆదా చేయడం కోసం కూన్యా అనే ఉక్కు ఓడ అంటార్కిటిక్ వలయం దాకా లాక్కుని వెళ్ళింది. ఫ్రామ్ విషయంలో రెండు గుర్తులున్నాయి. 1898 యాత్రకు ముందు ఆ ఓడకు అదనంగా పై డెక్కు వేశారు కాబట్టి అప్పటి నుంచి దాని పక్కలు ఎత్తుగా కనిపిస్తాయి. 1910కి ముందు ఆవిరి యంత్రం తీసి డీజిల్ యంత్రం అమర్చారు కాబట్టి దట్టమైన బొగ్గుపొగ వదులుతున్న ఫ్రామ్, అముండ్సెన్ యాత్రకు చెందినదని చెప్పడం కష్టం.

చిత్రంలో ఎవరున్నారన్నదీ ఆధారమే, కానీ దాన్ని జాగ్రత్తగా వాడాలి. స్కాట్ నిధులు పోగు చేయడానికి ఇంగ్లండ్‌లో ఆగిపోయి, దక్షిణాఫ్రికాలోని సైమన్స్‌టౌన్‌లో ఓడ ఎక్కారు. యాత్ర ఛాయాచిత్రకారుడు హెర్బర్ట్ పాంటింగ్ న్యూజిలాండ్‌లో ఓడ ఎక్కారు. ఎండ్యూరెన్స్ ఛాయాచిత్రకారుడు ఫ్రాంక్ హర్లీ బ్యూనస్ ఐరిస్‌లో చేరారు. అందువల్ల కార్డిఫ్ రేవు చిత్రానికి పాంటింగ్ పేరు, ప్లిమత్ చిత్రానికి హర్లీ పేరు తగిలించి ఉంటే ఆ వివరాన్ని నమ్మకూడదు. అవి స్థానిక స్టూడియోల వారో, పత్రికల వారో తీసినవి అయి ఉంటాయి. అంతమాత్రాన వాటి విలువ తగ్గదు. యాత్రకు వెళ్ళేవారు తీసిన చిత్రాల్లో మంచు ఎక్కువ, సాగనంపేవారి ముఖాలు తక్కువ. గట్టు మీద నిలబడిన జనాన్ని మనకు చూపించేది ఊరి ఛాయాచిత్రకారులే.

నెగటివ్ తిరగబడి అచ్చయిందేమో కూడా చూడాలి. ఓడ పక్కన రాసిన పేరు, రేవులో దుకాణాల బోర్డులు, కోటు గుండీలు ఏ వైపున ఉన్నాయన్నవి దీనికి సాయపడతాయి.

మూడో మెట్టు: ప్రతి ఏ కాలానిదో తేల్చడం

అదే భూతద్దంతో ఆకాశం ఉన్న భాగం చూడండి. క్రమమైన చిన్న చుక్కలు కనిపిస్తే అది పుస్తకం లేదా పత్రిక నుంచి కత్తిరించిన అచ్చు. రంగురంగుల సన్నని తుంపరలు కనిపిస్తే ఇంక్‌జెట్ ప్రింటు, అంటే ఈ మధ్య తీసిన నకలు. చుక్కలు ఏవీ లేకుండా నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలు జారుతూ పోతే అది ఛాయాచిత్ర ప్రతి. అప్పుడు కాగితం సంగతి చూడాలి. కాగితపు నారలు కనిపిస్తూ, తెల్లని భాగాలు పసుపెక్కి, పలచని కాగితం మందపాటి అట్టకు అతికించి ఉంటే అది గుడ్డు తెల్లసొనతో తయారు చేసిన అల్బుమెన్ ప్రతి కావచ్చు. 19వ శతాబ్దపు యాత్రల చిత్రాలు ఎక్కువగా ఇవే. నునుపైన పూత కింద కాగితపు నారలు కనిపించకుండా, అంచుల దగ్గర నల్లని భాగాల మీద ఏటవాలు వెలుతురులో వెండి మెరుపు తోస్తే అది జెలటిన్ సిల్వర్ ప్రతి. 20వ శతాబ్దం పొడుగునా ఎక్కువగా వాడినది అదే. పాంటింగ్ చిత్రాలు 1913 చివర లండన్‌లోని ఫైన్ ఆర్ట్ సొసైటీలో ప్రదర్శించినప్పుడు అమ్మకానికి పెట్టినవి కార్బన్ ప్రతులు. వాటిలో వెండి ఉండదు, రంగుపొడి ఉంటుంది కాబట్టి అవి వెలిసిపోవు. కొన్ని నీలి, ఆకుపచ్చ, గోధుమ ఛాయల్లో ఉంటాయి. నల్లని భాగాలు కాస్త ఉబ్బెత్తుగా ఉన్నట్టు పక్క వెలుతురులో తెలుస్తుంది.

నోట్లను పరీక్షించడానికి వాడే అతినీలలోహిత టార్చి ఇక్కడ ఎంతో పనికొస్తుంది. 1950ల నుంచి ఛాయాచిత్ర కాగితంలో తెలుపును పెంచే రసాయనాలు కలపడం మొదలైంది. చీకటి గదిలో ఆ టార్చి వేసినప్పుడు కాగితం నీలి తెలుపు కాంతితో వెలిగితే ఆ ప్రతి 1910 నాటిది కాజాలదు. వెలగకపోతే పాతదేనని మాత్రం రుజువు కాదు, ఎందుకంటే ఆ రసాయనాలు లేని కాగితం తరవాతి కాలంలోనూ వాడారు. అలాగే పాత పద్ధతిలో తీసిన ప్రతి అయినంత మాత్రాన పాత ప్రతి అనుకోకూడదు. కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ పోలార్ పరిశోధన సంస్థ 2004లో పాంటింగ్ గాజు నెగటివ్‌లను సంపాదించుకున్న తరవాత వాటి నుంచి ప్లాటినం ప్రతులు కొత్తగా తీయించింది. అవి నాణ్యమైనవే, అయితే ఈ శతాబ్దానివి.

వెనకవైపు పోస్టుకార్డు గీతలు ఉంటే సందేశం, చిరునామా ఒకే వైపు రాయడానికి చోటు ఉందో లేదో చూడాలి. బ్రిటన్‌లో ఆ ఏర్పాటు 1902లో వచ్చింది. కింద అచ్చయిన వాక్యంలో ఓస్లో అని ఉంటే అది 1925 తరవాత రాసినది, ఎందుకంటే అంతకు ముందు ఆ నగరం పేరు క్రిస్టియానియా. ఇక 1845లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాంక్లిన్ ఆర్కిటిక్ యాత్ర గ్రీన్‌హైత్ నుంచి బయలుదేరిన దృశ్యం అంటూ ఎవరైనా ఫోటో అమ్మజూపితే కొనవద్దు. ఆ యాత్ర అధికారుల డాగెరోటైపు (లోహపు రేకు మీద తీసే తొలినాటి ఫోటో) వ్యక్తిచిత్రాలు ఉన్నాయి గాని, ఓడలు సాగిపోతున్న దృశ్యం ఆనాటి పత్రికల్లో చెక్కుడు బొమ్మగానే వచ్చింది.

నాలుగో మెట్టు: బయటి సాక్ష్యంతో సరిచూడడం

ఇంటర్నెట్ వెబ్‌సైట్లలో, న్యూజిలాండ్ పాత పత్రికలు పేపర్స్ పాస్ట్‌లో, ఆస్ట్రేలియా పత్రికలు ట్రోవ్‌లో, వేల్స్ పత్రికలు వెల్ష్ న్యూస్‌పేపర్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవవచ్చు. అనుకున్న తేదీకి మర్నాటి పత్రిక తీసి, ఆ రోజు వాతావరణం, వెంట వెళ్ళిన పడవల పేర్లు, గట్టు మీద జనం గురించిన వర్ణన చదివి చిత్రంతో పోల్చాలి. ఎండ అని పత్రిక రాస్తే చిత్రంలో నీడలు లేకపోవడం అనుమానించవలసిన విషయం.

ఈ శ్రమ ఎందుకని అనిపిస్తే హర్లీ చిత్రం ఒకటి తలచుకోవాలి. 1916 ఏప్రిల్ 24న షాకిల్టన్, మరో అయిదుగురు జేమ్స్ కెయిర్డ్ అనే చిన్న పడవలో, ఎండ్యూరెన్స్ ఓడను కోల్పోయి తాము చిక్కుకుపోయిన ఎలిఫెంట్ దీవి నుంచి సాయం కోసం బయలుదేరారు. గట్టు మీద మిగిలినవారు చేతులు ఊపుతూ సాగనంపుతున్న ఆ చిత్రాన్ని తరవాత మార్పులు చేసి, నాలుగు నెలలకు వచ్చిన రక్షక పడవను ఆహ్వానిస్తున్న దృశ్యంగా ప్రచారం చేశారు. వీడ్కోలు చిత్రం పునరాగమన చిత్రంగా మారిపోయింది. అంత గొప్ప ఛాయాచిత్రకారుడి చిత్రం విషయంలోనే కింద రాసిన మాట నమ్మదగినది కానప్పుడు, అనామకంగా చేతికి వచ్చిన పటం విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో చెప్పనక్కరలేదు.

అయిదో మెట్టు: పాత చట్రం విప్పడం

బల్ల మీద ఉతికిన నూలు గుడ్డ పరచి, పటాన్ని బోర్లా పెట్టి, వెనక మేకులను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీయాలి. చేతులు కడిగి బాగా ఆరనివ్వాలి, లేదా నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాలి. చిత్రం అద్దానికి అంటుకుని ఉందని తెలిసిన క్షణంలో ఆగిపోవాలి. తేమకు జెలటిన్ పూత మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. దాన్ని లాగినా, తడిపి ఊడదీయబోయినా ముఖాలు అద్దం మీదనే మిగిలిపోతాయి. అలాంటి పటాన్ని అద్దంతో సహా ఛాయాచిత్రాల సంరక్షణ తెలిసిన నిపుణులకు అప్పగించాలి. సులువుగా ఊడివస్తే, వెనక ఏమి రాసి ఉందో చూసి, రెండు వైపులా కనీసం అంగుళానికి 600 చుక్కల (డీపీఐ) సాంద్రతలో స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా దాచుకోవాలి. పాత అట్టను, చీటీలను వేరే కవరులో పెట్టి ఉంచాలి.

ఇక్కడ నా సలహా స్పష్టంగా చెబుతాను. ప్రతి ఆ కాలపు అసలుదని తేలితే, స్కాన్ నుంచి మంచి నకలు తీయించి దాన్ని గోడకు తగిలించండి. అసలును ఆమ్లం లేని కాగితపు కవరులో, గట్టి పెట్టెలో, పడుకోబెట్టి ఉంచండి. అల్బుమెన్ ప్రతికి వెలుతురు చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది.

ఆరో మెట్టు: పటం కట్టించడం

అసలునే కట్టించాలని నిశ్చయించుకుంటే దుకాణంలో కొన్ని విషయాలు ముందే గట్టిగా చెప్పాలి. చిత్రాన్ని దేనికీ అతికించకూడదు, వేడి పెట్టి అట్టకు పట్టించకూడదు, సెల్లో టేపు, ఫెవికాల్, మైదా జిగురు దాని దరిదాపులకు రాకూడదు. నాలుగు మూలలను కాగితపు మూలపట్టీలలో దోపి నిలపాలి. చిత్రం ముందు, మధ్యలో కిటికీ కోసిన, నూలు పీచుతో చేసిన మందపాటి ఆమ్లం లేని అట్ట ఉండాలి. ఆ అట్ట మందం వల్లనే చిత్రానికి, అద్దానికి మధ్య గాలి ఆడే ఎడం ఏర్పడుతుంది. మన దుకాణాల్లో మామూలుగా వెనక వేసే హార్డ్‌బోర్డు, ప్లైవుడ్డు ఆమ్లాన్ని వదిలి కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతాయి కాబట్టి, వెనక కూడా ఆమ్లం లేని అట్టే వేయించాలి. అలాంటి అట్ట దుకాణంలో లేకపోతే మనమే కొని తీసుకువెళ్ళడం మేలు. అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపేదై ఉండాలి. అయితే ఆ అద్దం ఉందని ఎండలో తగిలించవచ్చునని అనుకోకూడదు, ఎందుకంటే మామూలు వెలుతురు కూడా హాని చేస్తుంది.

తగిలించే చోటు గురించి కోస్తా జిల్లాల వారు మరీ ఆలోచించాలి. ఛాయాచిత్రాలకు గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. విశాఖపట్నంలోనో, కాకినాడలోనో ఏడాదిలో చాలా నెలలు అంతకు మించి ఉంటుంది. వానకు తడిసే బయటి గోడ, వంటగది, స్నానాల గది గోడలకు పటం తగిలించకూడదు. లోపలి గోడ ఎంచుకుని, చట్రం వెనక నాలుగు మూలల్లో బెండు ముక్కలు అంటిస్తే గోడకు, పటానికి మధ్య గాలి తిరుగుతుంది, చెదలు, వెండి పురుగులు చేరినా త్వరగా కంటపడతాయి. వానాకాలం ముందొకసారి, తరవాతొకసారి పటాన్ని దించి వెనక చూడాలి. అద్దం మీద నేరుగా ద్రవం చల్లకుండా, గుడ్డ మీద కొద్దిగా చల్లి తుడవాలి, లేకపోతే అంచుల నుంచి తడి లోపలికి పాకుతుంది.

రంగు చిత్రాల సంగతి వేరు. డాక్టర్ ఖాసిం నాయకత్వంలో 21 మందితో మన దేశపు మొదటి అంటార్కిటికా యాత్ర 1981 డిసెంబరు 6న గోవా నుంచి పోలార్ సర్కిల్ అనే నార్వే ఓడలో బయలుదేరి, 1982 జనవరి 9న ఆ ఖండం మీద దిగింది. ఆ యాత్ర, దాని తరవాతి యాత్రల నాటి రంగు ప్రతులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే అవి నూరేళ్ళ నాటి నలుపు తెలుపు ప్రతుల కన్నా ముందు పాడవుతాయి. వాటి రంగులు చీకటిలో ఉంచినా రసాయన చర్య వల్ల మెల్లగా మారిపోతాయి, వేడి ఆ మార్పును తొందర చేస్తుంది. వీటిని ఈ ఏడే స్కాన్ చేయించి, నెగటివ్ దొరికితే దాన్నీ స్కాన్ చేయించి, ప్రతిలో ఉన్నవారి పేర్లు తెలిసినవారు ఉండగానే రాసి పెట్టుకోవాలి.

చివరగా, పటం వెనక అంటించే వివరాల చీటీ. చిత్రం మీద నేరుగా ఏదీ రాయకూడదు. ఆమ్లం లేని కాగితం మీద పెన్సిలుతో ఓడ పేరు, రేవు, తేదీ, తీసినవారు, ప్రతి రకం, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందన్నవి రాసి, ప్రతి వివరం పక్కన దాన్ని ఎలా తేల్చామో కూడా రాయాలి. ఉదాహరణకు, టెర్రా నోవా, న్యూజిలాండ్, 1910 నవంబరు చివరి వారం, డెక్కు మీది కుక్కలను, పెట్టెలను బట్టి. రేవు లిటిల్టనా, పోర్ట్ చామర్సా అన్నది తేలలేదు. ఇలా రాసిన చీటీకి మరో నకలు తీసి, స్కాన్‌తోపాటు, పాత అట్ట ఉన్న కవరులోనే ఉంచాలి.